పదకొండు ఊపిర్ల పొయ్యి

నమోదు 1: ప్రణాళిక

ఈ ఏటి వృత్తి వికాస ప్రణాళికను ఏడాది మొదలు కాకముందే పూర్తి చేశాను. గవిపల్లెలో ఇంకెవరూ చేసి ఉండరు. ఇంకెవరూ చెయ్యరని తెలిసే చేశానని కూడా ఇక్కడే రాసేస్తే తర్వాత ఎవరూ కనిపెట్టే పని ఉండదు.

పొద్దున్నే పై గాలిని కిందికి తోసే గాలిమర తిరగడం మొదలవగానే గోడల మీది నాపరాతి దుమ్ము తుడిచాను. గనిలో ఇల్లంటే ఎంత తుడిచినా రాయి రాలుతూనే ఉంటుంది. తర్వాత నీళ్ల వంతుకు వెళ్లి బిందె నింపుకొచ్చి, రాగిపిండి జల్లించి, పొయ్యి మీటరు చూసి, ఈ పత్రం ముందు కూర్చున్నాను. పైన ఎండలో బతికిన కాలంలో ఆడవాళ్లు వంట చేసి ఊరుకునేవారట. చేసిన వంటలో తాము ఏం నేర్చుకున్నారో ఎవరికీ చెప్పనక్కర లేదట. ఎంత వెనకబడిన కాలం!

ఇక్కడ మంట మనిషితో సమానం, అదీ గాలి పీలుస్తుంది. అందుకే గాలి సంఘం ప్రతి పొయ్యికీ రోజుకు ఇన్ని ఊపిర్లని కొలిచి ఇస్తుంది. ఆ పొయ్యి వెలిగించే హక్కు నమోదైన గృహిణికే. నమోదు నిలవాలంటే ఏటా కొత్తగా ఏదో ఒకటి నేర్చుకోవాలి, నేర్చుకున్నట్టు రాయాలి, దానివల్ల ఇంట్లో ఏం మారిందో చూపాలి. చూపలేకపోతే పొయ్యి పీకేసి వంటింటి గోడకు ఒక గొట్టం బిగిస్తారు. పూటకొకసారి అందులోంచి బూడిదరంగు గంజి దిగుతుంది. సంఘం దానికి పెట్టిన పేరు సమతులాహారం. మా అత్త లింగమ్మ పెట్టిన పేరు ఇక్కడ రాయలేను, ఈ పత్రాన్ని అధికారులు చదువుతారు.

ఈ ఏడు మా పొయ్యికి పద్దెనిమిది ఊపిర్లు. నిరుడు ఇరవై నాలుగు. నేను ఏటా కొన్ని మిగులుస్తాను. మిగిల్చానని రాస్తాను. సంఘం వాళ్లు సంతోషించి, మిగిలినవాటిని మరుసటి ఏడు మా వాటా నుంచి తీసేస్తారు.

"మిగిల్చినందుకు పెరుక్కుంటే అది బహుమానమెట్లయితాదే?" అని మా ఆయన చెన్నకేశవులు ఒకసారి అడిగాడు.

ఆయన గాలిమరకు నూనె పోసే మనిషి. వృత్తి వికాసం సంగతి ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఈ ఏటి లక్ష్యం: పద్దెనిమిది నుంచి పదకొండుకు.

నమోదు 2

నేర్చుకున్నది: మంట లేకుండా ఉడికించడం.

సంగటికి వేసిన నూకలు బాగా పొంగు వచ్చాక పొయ్యి ఆర్పేసి, కుండను బొంతలో చుట్టి మూలన పెట్టాను. లోపలి వేడికే మెత్తబడతాయి. ఇంట్లో మందంగా ఉండే బొంత ఒక్కటే ఉంది.

"నా బొంత యాడబోయిందే సుబ్బరత్నా?" అని మా అత్త కేకేసింది.

"కుండకు కప్పినానత్తా."

"కుండకు చలి పెడతాందా?"

"వేడి పోకుండా కప్పినా. దీన్తో మూడు ఊపిర్లు మిగుల్తాయి."

"అట్లయితే నన్నూ ఆ మూలనే కూచోబెట్టు. కుండకు జరిగే మర్యాద నాకూ జరుగుతాది."

సాయంత్రం బొంతకు గంజి వాసన, సంగటికి బొంత వాసన. ఈ రెండో విషయాన్ని పత్రంలో రాయడానికి గడి లేదు. మార్పు: పదిహేను ఊపిర్లు.

నమోదు 3

మనం నేర్చుకున్నామనడానికి అదే వృత్తిలోని ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. నా సాక్షి పక్కింటి మస్తానమ్మ. నాకన్నా ఆరేడేళ్లు చిన్నది. నేను రాసింది చదవకుండా సంతకం పెడుతుంది. సాక్షిగా అది ఆమెలోని లోపం, నా అదృష్టం.

సొంత పత్రం విషయంలో ఆమె మరీ ఘోరం. ఏడాది చివర ఒక్క వాక్యం రాసి పంపుతుంది: "ఈ ఏడు పప్పు బాగా చేసేది నేర్చుకున్యాను." ఏటేటా అదే వాక్యం. సంఘం వాళ్లు ఆమెకు అన్నిటికన్నా కింది శ్రేణి ఇచ్చి ఊరుకుంటారు. మిగిల్చినట్టు ఎప్పుడూ రాయదు కాబట్టి ఆమె వాటాలోంచి ఎవరూ ఏమీ తియ్యలేదు. ఇప్పటికీ నలభై ఊపిర్లు ధారాళంగా మండిస్తుంది. నాకు జాలేసింది.

"మస్తానీ, మనిషన్నాక ఒక లక్ష్యం ఉండొద్దా?" అన్నాను.

"ఉండాదక్కా. మధ్యాన్నంలోపల చెనక్కాయల ఊరుబిండి నూరల్ల."

"అది కాదు. ఏడాదికి."

"ఏడాదికి సరిపడా నూరితే బూజు పడతాదక్కా."

నమోదు 4: వెనక్కి వచ్చింది

ఓర్పు నేర్చుకున్నానని రాస్తే, "ఓర్పు కొలవదగినది కాదు, సవరించి పంపగలరు" అని వచ్చింది. అత్తకు ఎదురు మాట్లాడిన సందర్భాలు వారం వారం తగ్గుతున్నట్టు పట్టిక వేసి మళ్లీ పంపాను. అంగీకరించారు.

నిజానికి ఆ వారాల్లో మా అత్త ఇంట్లో ఉండటమే తగ్గింది. ఎక్కడికో పోయి ఏ సాయంత్రానికో వచ్చేది. కీళ్లు ఆడాలంటే నడవాలంది. మంచిదే కదా అనుకున్నాను. వయసు మీరినవారికి వ్యాయామం అలవాటు చేసినందుకు, శ్రేణికి లెక్కించే పాయింట్లలో ఇంకొకటి రాసుకున్నాను.

నమోదు 5

పదకొండు! ఏడాదికని పెట్టుకున్న లక్ష్యం ఎండాకాలం దాటకముందే చేరాను.

పద్ధతి ఇది. నూకలు ముందురోజే నానేస్తాను. పప్పు గిన్నెను సంగటి కుండ మీదే మూతలాగా పెడతాను, రెంటికీ ఒకటే మంట. నూకలు పొంగాక పిండి గుమ్మరించి, పొయ్యి ఆర్పి, బొంత కప్పుతాను. ఆవిరికే పిండి ఉడుకుతుంది. ఉడికినట్టు ఉంటుంది అని రాస్తే ఇంకొంచెం నిజానికి దగ్గర.

దీనితోపాటు నేను ప్రణాళికలో పెట్టని ఇంకో ప్రగతి కూడా కనిపించింది. ఇంట్లో తిండి ఖర్చు పావు వంతుకు పడిపోయింది. మా అత్త, "ఆకలి ల్యా, నీళ్లియ్యి చాలు" అంటోంది. మా ఆయన, "పనికాడ తిన్న్యాలే" అంటున్నాడు. నేను కూడా రెండో ముద్ద జోలికి పోవడం లేదు. ఒకప్పుడు ఈ ముగ్గురమే ఆరు ముద్దలు లేపేవాళ్లం. గీత గీస్తే కొండ దిగినట్టు చక్కగా దిగింది. కింద ఇలా రాశాను: "కుటుంబం మితాహారానికి స్వచ్ఛందంగా అలవాటు పడింది."

స్వచ్ఛందంగా అన్న మాట రాసి, అది చూడముచ్చటగా ఉందని కాసేపు చూస్తూ కూర్చున్నాను.

నమోదు 6

సంఘం నుంచి వికాస అధికారి వచ్చాడు. పేరు నిఖిలేశ్. మెత్తగా మాట్లాడే కుర్రాడు. చెప్పులు గడప బయటే విడిచి, మా పొయ్యిని గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూశాడు.

"మేడమ్, మీ రికార్డు మొత్తం చదివాను. ఇలాంటి ప్రగతి గవిపల్లెలోనే కాదు, చుట్టుపక్కల ఏ గనిలోనూ లేదు."

"ఏదో బాబూ, చేతనైనంత," అన్నాను. ఆ మాట అనడానికి ఎంతకాలంగా ఎదురుచూస్తున్నానో నాకే తెలుసు.

"మీది ఆదర్శ పొయ్యిగా ప్రకటిస్తున్నాం. కొత్త ఏడాది నుంచి మీ ఇళ్లున్న ఈ మూడో వరుస అంతటికీ ఇదే కొలత, పదకొండు. అది బాగుంటే ఊరంతటికీ."

"ఆ మిగిలే గాలంతా ఏం జేస్తారు నాయనా?" అని మంచం మీద నుంచి మా అత్త అడిగింది.

"నాలుగో వరుస తవ్వుతామమ్మా. ఇంకో రెండొందల కుటుంబాలు కిందికి రావచ్చు."

"వచ్చి ఏం తింటారు?"

నిఖిలేశ్ నవ్వాడు. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు.

నా ఫొటో నీళ్ల వంతు దగ్గర గోడకు అతికించారు. కింద "మార్గదర్శి: శ్రీమతి సుబ్బరత్న" అని పెద్ద అక్షరాలు. నీళ్లకు అవసరం లేకున్నా ఆ రోజు మూడుసార్లు వెళ్లాను.

నమోదు 7

ఇప్పుడు నీళ్లకు వెళ్లాలనిపించడం లేదు. నేను వెళ్తే వంతులో మాటలు ఆగిపోతాయి. నా బిందె నిండేదాకా అందరూ గోడనే చూస్తారు. ఆ గోడ మీద నా ఫొటోనే ఉంటుంది. ఎటూ తప్పించుకోలేను.

సాయంత్రం మస్తానమ్మ ఒక్కతే ఇంటికొచ్చింది. గడప మీదే నిలబడింది.

"అక్కా, పదకొండంటే నాకు నూనె గూడా కాగదు."

"నేర్చుకుంటే కాగుతాది మస్తానీ. నేను చెప్తా. ముందు ప్రణాళిక రాసుకోవల్ల."

"నేర్చుకుంటాలేక్కా. నాదేముండాది. అదిగాదు, మీ..." అని ఆగి, మా అత్త మంచం వంక చూసింది. అది ఖాళీగా ఉంది. "ఏమీ ల్యాక్కా. వస్తా."

ఆమె ఏం చెప్పబోయిందో నేను ఆలోచించలేదు. తోటి గృహిణికి సలహా ఇచ్చినందుకు "మార్గదర్శనం" కింద రెండు పాయింట్లు వేసుకున్నాను.

నమోదు 8

ఇది పంపడానికి రాయడం లేదు. నాకోసం.

మస్తానమ్మకు ఏడాది ప్రణాళిక నేనే రాసిపెట్టాను. గడులు గీసి, ఏ నెలలో ఎన్ని ఊపిర్లు తగ్గించాలో అంచెలంచెలుగా చూపించాను. మధ్యాహ్నం దాన్ని తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. పక్కిల్లే కాబట్టి పిలవకుండా తలుపు నెట్టాను.

పొయ్యి దగ్గర పీట మీద మా అత్త. ఆమె ముందు పళ్లెంలో పొగలు కక్కే సంగటి, నడుమ గుంట చేసి పోసుకున్న పుల్లగూర, పక్కన నూరిన ఊరుబిండి పచ్చడి. ఆమె పక్కన, పని బట్టల్లోనే, మోచేతి దాకా నూనె మరకలతో, మా ఆయన. చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మస్తానమ్మ గరిటె అట్లే పట్టుకుని నిలబడింది. మా అత్త మాత్రం మింగడం ఆపలేదు.

"దా, కూచో," అంది. "వేడిగా ఉండాది."

"పనికాడ తింటానంటివే?" అని మా ఆయన్ని అడిగాను.

"పనికాడ నుంచి వచ్చి తింటాండా," అన్నాడు ఆయన, పళ్లెంలోకి చూస్తూ.

"ఎన్నాళ్ల నుంచి?"

మా ఆయన ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. చివరికి మస్తానమ్మే నోరు విప్పింది. "బొంత కప్పినప్పట్నుంచక్కా. పెద్దమ్మ ఒకనాడొచ్చి, రవ్వంత సంగటి పెట్టమ్మీ, మా ఇంట్లో పిండి పచ్చిగానే ఉంటాదనింది. నీకు చెప్పద్దనింది. నువ్వు శానా కష్టపడి రాసుకుంటాండావంట, మనసు చిన్నబుచ్చుకుంటావంట."

నేను వేసిన గీత కళ్ల ముందు కనిపించింది. కొండ దిగినట్టు దిగిన గీత. అందులో తగ్గిన ప్రతి ముద్దా ఈ ఇంట్లో దిగింది. ఆరు ముద్దల ఇల్లు ఒకటిన్నర ముద్దకు పడిపోతే అది నా నైపుణ్యమని రాసుకున్నాను. నా పొయ్యి పదకొండుతో సరిపోయింది ఎందుకంటే మిగతా మంట మస్తానమ్మది.

ఆ మంటనే ఇప్పుడు కొత్త ఏడాది నుంచి తగ్గించబోతున్నారు. నా ఫొటో పెట్టి.

"రాసింది చూపియ్యక్కా," అని మస్తానమ్మ నా చేతిలో కాగితానికి చెయ్యి చాచింది. ఇవ్వలేదు. మడిచి నడుములో దోపుకుని పీట లాక్కుని కూర్చున్నాను. పళ్లెం పెట్టింది. ఎన్ని ముద్దలు తిన్నానో ఇక్కడ రాయను. లెక్కపెట్టాను గానీ రాయను.

నమోదు 9

సంఘం కార్యాలయానికి వెళ్లి నిఖిలేశ్‌ను కలిశాను. నా కొలతను వెనక్కి తీసుకుంటానన్నాను.

"మీ రికార్డు అబద్ధమా మేడమ్?"

"కాదు బాబూ. ప్రతి అంకే నిజమే. తినేవాళ్లే లేరు."

అతను కాసేపు తన పలకలో వెతికాడు. "తినడం మా కొలతల్లో లేదు మేడమ్. మంట, పిండి, వృథా, ఈ మూడే ఉన్నాయి."

అతని మీద కోపం రాలేదు. ఆ మూడు కొలతలకూ గీతలు గీసి పంపింది ఎవరు?

దారి ఒకటే ఉందన్నాడు. ఒకసారి అంగీకరించిన రికార్డును కాగితం మీద కొట్టేయడం కుదరదు. నెలాఖరున వరుసలోని గృహిణులందరి ముందూ నేను ప్రదర్శన ఇవ్వాలి. ఒక ఇంటికి సరిపడే సంగటిని పదకొండు ఊపిర్లలో వండి చూపితే కొలత ఖాయమవుతుంది. నాకు ప్రథమ శ్రేణి శాశ్వతం, ఇక జన్మలో పత్రాలు రాయనక్కర లేదు. వండలేకపోతే కొలత రద్దవుతుంది. నా నమోదూ రద్దవుతుంది, వృత్తిలో వెనక్కి జారినందుకు.

"రద్దయితే?"

"గొట్టం, మేడమ్," అన్నాడు మెల్లగా. అతనికి నిజంగానే బాధగా ఉన్నట్టుంది.

ఇంటికి వచ్చి ముగ్గురం కూర్చున్నాం. సిగ్గుపడాల్సిన సంగతి ఇప్పుడే రాసేస్తాను. దారి పొడుగునా నేను ఆలోచించింది, పదకొండులో మంచి సంగటి చెయ్యడం ఎలాగా అని. పిండిని ముందే వేయిస్తే? నూకలను ఇంకా సన్నగా విసిరితే? కుండ చిన్నదైతే? చూసేవాళ్లు గొట్టం తిండికి అలవాటు పడ్డ సంఘం మనుషులు. పైన మెరిసే ముద్ద కనబడితే చాలు వాళ్లకు. గెలవగలను. నా పత్రమూ నిలుస్తుంది, పొయ్యీ నిలుస్తుంది.

"ఏమనుకుంటాండావు?" అని మా ఆయన అడిగాడు.

"చిన్న కుండయితే అయితాదేమోనని."

"అయితే మస్తానమ్మకు గూడా చిన్న కుండ కొనియ్యల్ల. ఆమె ఇంట్లో ఏడుగురు."

మా అత్త కుండ మీది బొంత తీసి భుజాన కప్పుకుంది. ఆమె ఏమీ అనకపోతేనే నాకు భయం.

"గొట్టమే వచ్చిందనుకో," అన్నాడు మా ఆయన. "బిగించేది మా వాళ్లే. నేనే పోయి బిగిస్తా. రవ్వంత గూడా వంకర లేకుండా."

పెళ్లయినప్పటి నుంచీ ఆయన నాతో ఇంత మెత్తగా మాట్లాడింది లేదు. అది గొట్టం గురించి కావడం నా తలరాత.

నమోదు 10: ప్రదర్శన

రెండు కుండలు తీసుకెళ్లాను, ఒకటి చిన్నది, ఒకటి ఇంట్లో రోజూ వండే పెద్దది. ఎందుకు రెండూ అని ఎవరూ అడగలేదు.

వరుస చివరి సమావేశపు గదిలో నడుమ పొయ్యి, దాని నెత్తిన పెద్ద మీటరు. ఆడవాళ్లంతా వచ్చారు. నాకు చప్పట్లు కొట్టడానికి కాదు. ముందు వరుసలో మా అత్త. ఆమె చేతిలో ఏదో గుడ్డలో చుట్టి ఉంది. నిఖిలేశ్, ఇంకో ఇద్దరు సంఘం వాళ్లు బల్ల వెనక కూర్చున్నారు.

చిన్న కుండ మీద చెయ్యి వేశాను. అప్పుడే మా అత్త గుడ్డ విప్పింది. అందులో ఆమె ఇత్తడి పళ్లెం ఉంది. ఇంటి నుంచి పళ్లెం తెచ్చుకుంది! దాన్ని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుని, వడ్డనకు ఎదురుచూసే మనిషిలా నా వైపు చూసింది. ఇన్ని నెలలుగా నా వంటకు పళ్లెం పట్టని మనిషి.

పెద్ద కుండ తీశాను.

నూకలు కడిగి వేశాను. ఎసరు కాగేటప్పటికే మీటరు ఆరు దాటింది. నూకలు పొంగుకు వచ్చేసరికి తొమ్మిది. పిండి గుమ్మరించి, సంగటి తిప్పే కట్టెతో నడుమ గుంట చేసి, మూత పెట్టాను. పదకొండు దగ్గర ఎర్ర దీపం వెలిగింది.

అలవాటుగా చెయ్యి మంట ఆర్పే మీట మీదికి పోయింది. ఇన్నేళ్లుగా దాన్ని తిప్పడమే కదా నేను నేర్చుకున్న విద్య. మూత ఎత్తి చూశాను. పైన పిండి ఇంకా తెల్లగా, పొడిగా ఉంది. చెయ్యి తీసేశాను.

"మేడమ్, పదకొండు అయింది," అన్నాడు నిఖిలేశ్.

"తెలుసు బాబూ. సంగటి ఇంకా కాలా."

"ఆపాలి మేడమ్."

"ఆపితే ఇంగ ఇది సంగటి కాదు."

మీటరు పన్నెండు చూపింది, పదమూడు చూపింది. పద్దెనిమిది దాటింది. పద్దెనిమిది దాకా తగ్గించడానికే నాకు ఒకప్పుడు ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఒక్కో అంకె పైకి పోతుంటే, ఆ ఏడాది నేను ఏం నేర్చుకున్నానో గుర్తొచ్చింది. ఇది నానబెట్టిన ఏడు, ఇది మూత బరువు పెట్టిన ఏడు, ఇది సాక్షి సంతకం కోసం మస్తానమ్మ ఇంటికి నాలుగుసార్లు తిరిగిన ఏడు. అన్నీ ఒకదాని వెనక ఒకటి కాలిపోతున్నాయి.

పిండి మీద పగుళ్లు వచ్చి, వాటిలోంచి ఆవిరి చిమ్మింది. అప్పుడు ఆర్పాను. కుండను కిందికి దించి, పాదాల నడుమ గుడ్డ వేసి ఇరికించి పట్టుకుని, కట్టెతో కలియబెట్టాను. అలవాటు తప్పిన పని కాబట్టి భుజాలు పడిపోయాయి. ముందు గడ్డ కట్టింది, తర్వాత దారికొచ్చింది.

"గట్టిగా తిప్పక్కా, కింద ఉండలుండాయి," అని వెనక నుంచి మస్తానమ్మ అరిచింది. ఆదర్శ గృహిణికి ఎవరైనా అందరి ముందూ సలహా ఇవ్వడం అదే మొదలు. గట్టిగా తిప్పాను.

మొదటి ముద్ద మా అత్త పళ్లెంలో పడింది. ఆమె వేలితో నొక్కి చూసింది. నోట్లో పెట్టుకుంది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"ఇంగొకటి ఎయ్యి," అంది.

మిగతా ముద్దలు అందరికీ తుంచి పంచాను. నిఖిలేశ్‌కూ ఒకటి ఇచ్చాను. చెంచా కోసం అటూ ఇటూ చూసి, చేత్తోనే తీసుకుని నమలబోయాడు.

"నమలద్దు నాయనా, మింగు," అంది మా అత్త. "నమిలేదానికి అదేమన్నా చెనక్కాయలా?"

అతను మింగాడు. ఇంకోటి అడగలేదు గానీ, వేళ్లు నాకడం నేను చూశాను. తర్వాత మీటరు చూసి, నా పేరు పక్కన ముప్పై రెండు అని రాసుకున్నాడు. రాసేటప్పుడు తల ఎత్తలేదు.

నమోదు 11

పదకొండు కొలత రద్దయింది. నాలుగో వరుస తవ్వకానికి గాలి ఇంకెక్కడైనా వెతుక్కుంటామని సంఘం ప్రకటించింది. నీళ్ల వంతు గోడ మీద ఫొటో తీసేశారు. జిగురు మరక మాత్రం నలుచదరంగా మిగిలింది. దాని ముందు నిలబడి ఆడవాళ్లు నాతో మామూలుగా మాట్లాడుతున్నారు. ఎక్కువగా ముప్పై రెండు గురించే. "సుబ్బరత్నక్కా, ముప్పై రెండంటే మా ఇంట్లో రెండు పూట్ల వంట," అని ఒకామె నవ్వింది. బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఓర్పు కొలవదగినది కాదు.

నా నమోదు రద్దయింది. కారణం: "వృత్తిలో తీవ్ర తిరోగమనం." ఇన్నేళ్ల పత్రాలూ ఒక్క మాటతో కొట్టేశారు. పొయ్యి తీసుకుపోయే రోజు మా ఆయన తన మాట నిలబెట్టుకుని, గొట్టం తనే బిగించాడు. ఎక్కడా వంకర లేదు. పూటకొకసారి గంజి దిగుతుంది. మా అత్త ఆ గొట్టానికి తన తువ్వాలు ఆరేసుకుంటోంది.

పొయ్యి ఉన్నచోట గోడ మీద నల్ల మరక ఉంది. నేను రోజూ అన్ని గోడలూ తుడుస్తాను. అక్కడికి వచ్చేసరికి గుడ్డ పక్కకు పోతుంది.

నమోదు మళ్లీ తెచ్చుకోవాలంటే, నమోదున్న గృహిణి దగ్గర శిక్షణార్థిగా చేరాలట. మూడో వరుసలో నన్ను శిక్షణార్థిగా తీసుకోవడానికి ముందుకొచ్చింది ఒక్కతే. కాబట్టి ఇప్పుడు నా గురువు, జీవితంలో ఒక్క ప్రణాళిక కూడా రాయని మస్తానమ్మ. పొద్దున్నే వాళ్లింటికి పోతాను. ఇద్దరం ఒకే పొయ్యి మీద రెండిళ్ల వంట చేస్తాం. వాళ్లు ఏడుగురు, మేం ముగ్గురం. ఆమె కబుర్లు చెబుతుంది, నేను సంగటి తిప్పుతాను. మంట ఎంతయిందో మీటరు వంక చూడబోతే, "అది చూడద్దక్కా, కుండ చూడు," అంటుంది. మొదటి వారం కనీసం పది సార్లు అనిపించుకున్నాను.

ఈ రోజు నా మొదటి త్రైమాసిక పత్రం పంపాలి. శిక్షణార్థి పత్రంలో ముఖ్యమైన గడిని శిక్షకురాలే నింపాలి, శిక్షణార్థి చెప్పి రాయించకూడదు. మస్తానమ్మ చేతులు కడుక్కుని, పత్రం ముందేసుకుని, బిక్కమొహం పెట్టింది.

"అక్కా, ఈడ ఏం రాయల్ల?"

"నేను నేర్చుకున్నదాని వల్ల ఏం మారిందో."

"నువ్వే చెప్పక్కా, బాగా రాస్తావు."

"చెప్పకూడదు. నిబంధన."

ఆమె కలం కొరుకుతూ వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి దగ్గర మా అత్త రెండో ముద్దకు పళ్లెం జరుపుతోంది. మా ఆయన, మస్తానమ్మ పిల్లలు ఊరుబిండి కోసం కొట్లాడుకుంటున్నారు. మస్తానమ్మ తిరిగి, వంగి, ఒకే ఒక్క మాట రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చింది.

"తింటాండారు."

ఆ మాటకు ఎన్ని పాయింట్లు వస్తాయో నిబంధనల్లో వెతికాను. ఎక్కడా లేదు. వెతికానని మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను.